పదబంధ పట్టికల కత్తిరింపు: గణాంక యంత్రానువాదంలో ఫిషర్ పరీక్ష, వ్యవసాయ పాఠ్యం

యంత్రానికి వ్యాకరణం బోధించనవసరం లేదని, మనుషులు అదివరకే చేసిన అనువాదాలను లక్షల సంఖ్యలో చూపి లెక్కలు కట్టిస్తే అది అనువాదం నేర్వగలదని 1980ల చివర, 1990ల మొదట అమెరికాలోని ఐ.బి.ఎమ్. పరిశోధనశాలలో పీటర్ బ్రౌన్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. వారికి ముడిసరుకుగా ఉపయోగపడినవి ఆంగ్లం, ఫ్రెంచి భాషలు రెండింటిలోను వెలువడే కెనడా పార్లమెంటు చర్చల నివేదికలు. తొలి నమూనాలు పదానికి పదం లెక్కించేవి. 2003లో ఫిలిప్ కోన్, ఫ్రాంజ్ ఓఖ్, డేనియల్ మార్కు పదానికి బదులు పదబంధాన్ని ప్రమాణంగా తీసుకొనే పద్ధతిని స్థిరపరిచారు. 2007లో మోసెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వెలువడడంతో చిన్న పరిశోధన బృందాలకు కూడా ఈ పద్ధతి అందుబాటులోనికి వచ్చింది. గూగుల్ సంస్థ 2006లో ప్రారంభించి, 2011లో తెలుగును చేర్చిన అనువాద సేవ సైతం మొదట ఈ గణాంక మార్గంలోనే నడిచింది.

ఇటువంటి వ్యవస్థకు పదబంధ పట్టిక ప్రాణం వంటిది. ఇందులోని ప్రతి వరుసలో ఒక మూలభాషా పదబంధం, దానికి లక్ష్యభాషలో సరిపోవునని యంత్రం భావించిన మరొక పదబంధం, ఆ జంట బలాన్ని తెలిపే కొన్ని అంకెలు ఉంటాయి. వాటిలో ఒకటి మూల పదబంధం ఇచ్చినప్పుడు ఈ లక్ష్య పదబంధం వచ్చే సంభావ్యతను, మరొకటి దాని విపర్యయాన్ని సూచిస్తాయి. మిగిలినవి పదాల స్థాయిలో ఆ జంట ఎంత నమ్మదగినదో తెలుపుతాయి. నిఘంటువును మనిషి వ్రాస్తాడు. ఈ పట్టికను ఎవరూ వ్రాయరు. జత కూర్చిన వాక్యాల నుండి యంత్రమే దానిని పిండుకొంటుంది. పిండినప్పుడు రసంతో పాటు పిప్పి కూడా వస్తుంది.

ఎంత పిప్పి వస్తుందో ఒక చిన్న లెక్క చూపుతుంది. పది పదాల వాక్యంలో గరిష్ఠంగా ఏడు పదాల పొడవు వరకు పదబంధాలను అనుమతిస్తే (మోసెస్‌లో సాధారణంగా ఉండే పరిమితి ఇదే) ఒక్క వాక్యం నుండి 49 పదబంధాలు ఏర్పడతాయి. రెండు భాషల పదక్రమం ఒకటే అయితే దాదాపు అన్నింటికీ జంటలు దొరుకుతాయి. ఆంగ్లం, తెలుగు భాషలలో క్రియ స్థానం వేరు కావడం వలన కొన్ని జంటలు సహజంగానే రాలిపోతాయి. అయితే మరొక వైపు నుండి పట్టిక ఉబ్బుతుంది. ఆంగ్లంలోని ‘ది’, ‘ఎ’ వంటి పదాలకు తెలుగులో సమాన పదం లేదు. జత కుదరని ఆ పదాలు పక్కనున్న పదబంధంతో కలిసి ఒకసారి, విడిగా మరొకసారి పట్టికలో చేరతాయి. ‘క్రాప్’ అన్నా ‘ది క్రాప్’ అన్నా ‘పైరు’ అనే వరుసలు రెండూ నిలుస్తాయి. ఈ విధంగా కొన్ని లక్షల వాక్యాల నుండి కోట్ల వరుసలు పుట్టి, పట్టిక గిగాబైట్ల పరిమాణానికి చేరుతుంది. దానిని మోయుటకు జ్ఞాపకశక్తి చాలదు, వెదకుటకు సమయం చాలదు. కత్తిరింపు అవసరం మొదట ఈ ఇబ్బంది వలన కలిగింది.

పరిమాణం కన్న లోతైన లోపం మరొకటి ఉంది. పట్టికలోని వరుసలలో అధిక భాగం ఒకే ఒక్కసారి కనిపించినవి. ఒక మూల పదబంధం మొత్తం పాఠ్యంలో ఒక్కసారే వచ్చి, దాని ఎదుట ఏదో ఒక తెలుగు పదబంధం కనిపిస్తే, ఆ జంట సంభావ్యత ఒకటిని ఒకటితో భాగించగా వచ్చిన 1 అవుతుంది. అంటే నూటికి నూరు పాళ్ళ నమ్మకం. వందసార్లు కనిపించి అందులో తొంభై సార్లు సరిగా అనువదింపబడిన జంటకు దక్కేది 0.9 మాత్రమే. ఒక్క మడిలో ఒక్కసారి వేసి ఎక్కువ దిగుబడి చూపిన వంగడాన్ని, పది కేంద్రాలలో పునరావృతులతో పరీక్షించిన వంగడం కన్న మేలైనదని ప్రకటించడం ఎటువంటిదో ఇది అటువంటిది. పునరావృతి లేని ఫలితానికి విలువ లేదని వ్యవసాయ పరిశోధకులకు చెప్పనవసరం లేదు. ఆ మాటను ప్రయోగ రచనలో సూత్రంగా నిలిపిన శాస్త్రవేత్త పరీక్షే ఈ పట్టికల కత్తిరింపుకు కూడా సాధనమైనది.

రోథామ్‌స్టెడ్ పొలాల నుండి వచ్చిన పరీక్ష

రోనాల్డ్ ఫిషర్ 1919లో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ ప్రయోగ కేంద్రంలో చేరి 1933 వరకు అక్కడ పనిచేశాడు. 1843 నుండి గోధుమ పండిస్తూ వచ్చిన బ్రాడ్‌బాక్ క్షేత్రపు దిగుబడి లెక్కలు ఆయన చేతికి వచ్చాయి. ఎరువు ప్రభావమెంత, వర్షం ప్రభావమెంత, కేవలం యాదృచ్ఛికమెంత అని వేరుచేయు ప్రయత్నం నుండి విచలన విశ్లేషణ, యాదృచ్ఛికీకరణ, పునరావృతి, స్థానిక నియంత్రణ అనే భావనలు రూపుదిద్దుకొన్నాయి. తేనీటిలో పాలు ముందు పోశారో, తేనీరు ముందు పోశారో రుచి చూసి చెప్పగలనన్న ఒక సహోద్యోగిని కథ కూడా ఆ కేంద్రానికి చెందినదే. 1935లో వెలువడిన తన గ్రంథంలో ఫిషర్ ఈ ఉదాహరణను వివరించాడు. ఎనిమిది కప్పులు, వాటిలో నాలుగు ఒక రకం, నాలుగు మరొక రకం. ఊహించి చెప్పి అన్నీ సరిగా తేల్చే అవకాశం 70లో 1. ఆ లెక్క వెనుక ఉన్నదే ఫిషర్ కచ్చిత పరీక్ష. (తెలుగు కుటుంబంలో జన్మించి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1948లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొందినది ఈ ఫిషర్ పర్యవేక్షణలోనే.)

2007లో కెనడా జాతీయ పరిశోధన మండలికి చెందిన హోవర్డ్ జాన్సన్, జోయెల్ మార్టిన్, జార్జ్ ఫోస్టర్, రోలాండ్ కున్ ఈ పరీక్షను పదబంధ పట్టికకు అన్వయించారు. వారు వేసిన ప్రశ్న సరళమైనది. మూల పదబంధం కొన్ని వాక్యాలలో ఉన్నది, లక్ష్య పదబంధం కొన్ని వాక్యాలలో ఉన్నది. ఈ రెండింటికి ఏ సంబంధమూ లేకపోయినా, కేవలం యాదృచ్ఛికంగా ఇన్ని వాక్య జంటలలో ఇవి కలిసి కనిపించే అవకాశమెంత? ఆ అవకాశమే పి విలువ. అది అతి చిన్నది కనుక దాని సహజ సంవర్గమానానికి ఋణ చిహ్నం చేర్చి బలంగా వాడతారు. బలం ఎక్కువైన కొద్దీ సంబంధం యాదృచ్ఛికం కాదని అర్థం.

ఒక ఊహాత్మక వ్యవసాయ పాఠ్య నిధిలో 1,00,000 వాక్య జంటలు ఉన్నాయని భావిస్తే లెక్క స్పష్టమవుతుంది. ‘బ్రౌన్ ప్లాంట్‌హాపర్’ 12 వాక్యాలలో, ‘సుడిదోమ’ 15 వాక్యాలలో, రెండూ కలిసి 11 జంటలలో ఉంటే ఆ జంట బలం సుమారు 99. యాదృచ్ఛికమనుటకు తావు లేదు. ఒక్కసారే వచ్చిన మూల పదబంధం ఎదుట 4,000 వాక్యాలలో కనిపించే ‘చేయాలి’ వచ్చి చేరితే పి విలువ 0.04, బలం 3.2 మాత్రమే. అది పిప్పి. ఒక్కసారి వచ్చిన మూల పదబంధానికి ఒక్కసారే వచ్చిన లక్ష్య పదబంధం జతపడితే పి విలువ లక్షలో ఒకటి, బలం 11.51. ఇది వాక్య జంటల సంఖ్య సంవర్గమానానికి సరిగ్గా సమానం. పరిశోధకులు దీనికి ఆల్ఫా అని పేరు పెట్టారు.

ఈ ఆల్ఫా వద్దనే అసలు నిర్ణయం ఉంది. కత్తిరింపు హద్దును ఆల్ఫాకు వెంట్రుకవాసి పైన ఉంచితే ఒకటి-ఒకటి-ఒకటి జంటలన్నీ పోతాయి. వెంట్రుకవాసి క్రింద ఉంచితే అవన్నీ నిలుస్తాయి. మోసెస్‌తో లభించే కత్తిరింపు సాధనంలో ఈ రెండు హద్దులను పేరు పెట్టి ఎంచుకొనవచ్చు. పట్టికలో ఒంటరి జంటల వాటా పెద్దది కావడం వలన, ఆ సన్నని గీతకు ఇటు అటు జరిగితే పట్టిక పరిమాణం ఒక్కసారిగా మారిపోతుంది.

జాన్సన్ బృందం ఈ పద్ధతిలో పట్టికను 90 శాతం వరకు తగ్గించినా, బ్లూ కొలమానం ప్రకారం అనువాద నాణ్యత తగ్గలేదని చూపింది. కొన్ని సందర్భాలలో నాణ్యత కొంత పెరిగింది కూడా. సంభావ్యతలను ముందుగానే సవరించే మేలైన పద్ధతులు వాడినచోట ఈ పెరుగుదల అంత స్పష్టంగా లేదని వారే తెలిపారు. ఈ మాట గమనింపదగినది. ఒంటరి జంటలకు లభించిన అనర్హమైన నమ్మకాన్ని ఏదో ఒక విధంగా తగ్గించడమే మేలు చేసినది. కొమ్మ నరకడం అందుకు ఒక మార్గం, దాని బరువు తగ్గించడం మరొకటి.

సంభావ్యతను చూసి కత్తిరిస్తే ఏమవుతుంది?

ఇంతకన్న సులువైన కత్తిరింపు పద్ధతులు ముందునుంచీ ఉన్నాయి. ప్రతి మూల పదబంధానికి సంభావ్యత ఎక్కువగా ఉన్న మొదటి 20 అనువాదాలను ఉంచి మిగిలినవి వదలడం ఒకటి. నిర్ణీత సంభావ్యతకు తక్కువైన వాటిని తీసివేయడం మరొకటి. అనువదింపవలసిన పాఠ్యం ముందే తెలిస్తే అందులో లేని పదబంధాలన్నింటినీ తొలగించవచ్చు. ఈ చివరిది ప్రయోగశాలలో చక్కగా పనిచేస్తుంది గాని, రేపు ఏ రైతు ఏమి అడుగునో తెలియని సేవకు పనికిరాదు.

సంభావ్యత హద్దు వ్యవసాయ పాఠ్యానికి ఎట్లా హాని చేస్తుందో ‘బ్లాస్ట్’ అనే ఒక్క పదం చూపుతుంది. వార్తలు, వ్యవసాయం కలిసిన పాఠ్య నిధిలో ఆ పదం 500 వాక్యాలలో ఉండి, వాటిలో అధిక భాగం ‘పేలుడు’ అని, 20 మాత్రమే ‘అగ్గితెగులు’ అని అనువదింపబడితే అగ్గితెగులు సంభావ్యత 0.04. హద్దు 0.05 అయితే వరి రైతుకు కావలసిన అర్థం పట్టిక నుండి మాయమవుతుంది. అయితే ‘అగ్గితెగులు’ అన్న ప్రతిచోటా ఎదుట ‘బ్లాస్ట్’ ఉన్నది కనుక, అదే లక్ష వాక్య జంటలలో ఫిషర్ పరీక్ష దానికి 106కు పైబడిన బలం ఇస్తుంది. జంట నిలుస్తుంది. ఏ అర్థం ఎక్కడ వాడాలో ఆ తరువాత చుట్టుపక్కల పదాలను బట్టి తేలుతుంది. అల్పసంఖ్యాకమైనది, అవిశ్వసనీయమైనది ఒకటి కావని ఈ పరీక్ష గుర్తిస్తుంది.

అరుదైన పురుగు, విభక్తుల చీలిక

ఇదే పరీక్ష మరొకచోట కఠినంగా ప్రవర్తిస్తుంది. 2018లో కర్ణాటకలో మొక్కజొన్నపై గుర్తింపబడిన ‘ఫాల్ ఆర్మీవార్మ్’ తెలుగులో కత్తెర పురుగు అయినది. అంతకు ముందరి పత్రాలతో కూర్చిన పాఠ్య నిధికి ఆ తరువాతి పత్రం ఒక్కటి చేర్చితే, ఆ జంట బలం సరిగ్గా ఆల్ఫా. పై హద్దు పెట్టిన వ్యవస్థ దానిని తుడిచివేస్తుంది. అప్పుడు యంత్రం ‘ఫాల్’ను విడదీసి ‘పడుట’ అని, తెలియని రెండవ పదాన్ని ఉన్నదున్నట్లుగా ఇస్తుంది. అయినా ఇది యంత్రం తప్పు అనలేము. ఆ వాక్యంలో ఒక్కసారే వచ్చిన ప్రతి పదబంధానికి, ఎదుటి వాక్యంలో ఒక్కసారే వచ్చిన ప్రతి పదబంధంతోను ఇదే బలం ఉంటుంది. వాటిలో నిజమైన జంట ఏదో చెప్పు ఆధారం గణాంకాలలో లేదు.

ఆధారం పెరుగుటకు కావలసినది మరొక్క వాక్యం. రెండు వాక్య జంటలలో రెండు పదబంధాలు కలిసే కనిపిస్తే బలం 22.33కు, అంటే దాదాపు రెట్టింపుకు చేరుతుంది. కొత్త చీడ, కొత్త వంగడం, కొత్త మందు పేర్లకు వేర్వేరు రచయితల వాక్యాలను రెండేసి మూడేసి సేకరించి చేర్చడం వేలకొద్దీ సాధారణ వాక్యాలను చేర్చడం కన్న ఎక్కువ ఫలితమిస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఏటేటా పునర్ముద్రింపబడే కరపత్రాలలో అవే వాక్యాలు మార్పు లేకుండా వస్తుంటాయి. వాటిని వేర్వేరు వాక్యాలుగా లెక్కిస్తే, ఒకే మడి నుండి మూడు నమూనాలు తీసి మూడు పునరావృతులని వ్రాసినట్లే. తప్పు జంటకు కూడా దొంగ బలం వస్తుంది. నకలు వాక్యాలను తొలగించిన తరువాతనే పరీక్షకు పూనుకోవాలి.

తెలుగుకు మరొక ప్రత్యేక సమస్య విభక్తులు తెచ్చిపెడతాయి. ఆంగ్లంలో ‘బ్రౌన్ ప్లాంట్‌హాపర్’ రూపం దాదాపు మారదు. తెలుగులో సుడిదోమను, సుడిదోమకు, సుడిదోమతో, సుడిదోమలు, సుడిదోమల అని రూపాలు చీలిపోతాయి. యంత్రానికి ఇవన్నీ వేర్వేరు పదాలు. పన్నెండు సాక్ష్యాలున్న పదం ఆరు రూపాలుగా చీలి ఒక్కొక్క దానికి ఒకటి రెండు మాత్రమే మిగులుతాయి. ఫ్రెంచి, స్పానిషు వంటి భాషల నుండి ఆంగ్లంలోనికి చేసిన ప్రయోగాలలో మంచి ఫలితాలిచ్చిన హద్దు ఇక్కడ అవసరమైన కొమ్మలను నరకవచ్చు. ప్రత్యయాలను ముందు విడదీసి, తరువాత పట్టిక నిర్మించి, ఆపైన కత్తిరించడం తెలుగుకు తగిన వరుస.

సంబంధం వేరు, సమానార్థం వేరు

ఫిషర్ పరీక్ష రెండు పదబంధాలు కలిసి వస్తాయని నిరూపిస్తుంది. ఒకటి మరొకదానికి అనువాదమని నిరూపించదు. సహసంబంధాన్ని కారణంగా పొరబడరాదన్న పాత హెచ్చరికే ఇది. వ్యవసాయ పాఠ్యంలో మాత్రం దీని ఫలితం పొలం వరకు వెళుతుంది.

నిషేధాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చు. ఆంగ్లంలో ‘డు నాట్ స్ప్రే’ అనే మూడు పదాలలో వ్యతిరేకార్థం విడి పదంగా ఉంటుంది. తెలుగులో ‘పిచికారీ చేయరాదు’ అన్నప్పుడు అది క్రియలోనే కలిసిపోయి ఉంటుంది. పదాలను జత కూర్చే దశలో ‘స్ప్రే’ అనే ఒక్క పదానికి ‘పిచికారీ చేయరాదు’ మొత్తం అతుక్కొని, ‘డు నాట్’ అనాథగా మిగలడానికి అవకాశం ఎక్కువ. అప్పుడు ‘స్ప్రే’ అంటే ‘పిచికారీ చేయరాదు’ అనే వరుస పట్టికలో చేరుతుంది. నిషేధ వాక్యాలన్నింటిలోను ‘స్ప్రే’ ఉండనే ఉంటుంది కనుక ఈ జంటకు బలం కూడా ఎక్కువే. కత్తెర దానిని తాకదు. పూత దశలో మందు చల్లరాదన్న సూచన చల్లమన్నట్లు, చల్లమన్నది చల్లరాదన్నట్లు మారే దారి ఇటువంటి వరుసల గుండా తెరుచుకొంటుంది.

హెక్టారు, ఎకరం విషయం ఇంకా సూక్ష్మమైనది. ఆంగ్ల పరిశోధన పత్రాలలో మోతాదులు హెక్టారుకు ఉంటాయి. తెలుగు కరపత్రం వ్రాయువారు రైతు సౌకర్యార్థం వాటిని ఎకరానికి మార్చి వ్రాస్తారు. అది మంచి అనువాదమే. హెక్టారుకు 120 కిలోల నత్రజని అన్నది ఎకరాకు సుమారు 48 కిలోలవుతుంది. అటువంటి పత్రాలతో శిక్షణ పొందిన యంత్రం ‘పర్ హెక్టార్’ ఎదుట ‘ఎకరాకు’ అని పదేపదే చూస్తుంది. జంట బలం అత్యధికంగా ఉంటుంది. అంకెలను మాత్రం యంత్రం సాధారణంగా ఉన్నదున్నట్లు దాటిస్తుంది. ఫలితంగా ‘ఎకరాకు 120 కిలోల నత్రజని’ అనే వాక్యం, వ్యాకరణ దోషం ఒక్కటి కూడా లేకుండా, వెలువడగలదు. మోతాదు 2.47 రెట్లు అయినది. యూరియా లెక్కలో చూస్తే ఎకరాకు దాదాపు 105 కిలోలు వేయవలసిన చోట 260 కిలోలు. ఏ కత్తిరింపు హద్దు దీనిని పట్టలేదు. బ్లూ కొలమానం దీనిని ఒక పదం తేడాగానే చూస్తుంది, ఎందుకంటే అది పదాల పోలికను లెక్కిస్తుంది గాని ఆ తేడా విలువను కాదు.

కావున మోతాదు, కొలమానం కలిసిన పదబంధాలను పట్టికకు వదలక ప్రత్యేక నియమాలతో నడపడం, అంకె మారిన వాక్య జంటలను శిక్షణకు ముందే వేరుచేయడం అవసరం. చీడపీడల పేర్ల పట్టికను నిపుణులు సరిచూచి, కత్తిరింపు జరిగిన తరువాత చేర్చవచ్చు. ముందే చేర్చితే అవి కూడా ఒంటరి జంటలుగా కత్తెరకు గురవుతాయి.

పునరుక్తి తొలగింపు

2012లో వాంగ్ లింగ్ బృందం, రిచర్డ్ జెన్స్ బృందం విడివిడిగా మరొక దృష్టితో ఈ సమస్యను పరిశీలించాయి. జంట నమ్మదగినదా అని కాక, అది లేకపోతే నష్టమేమిటి అని వారు ప్రశ్నించారు. ‘వరిలో సుడిదోమ నివారణకు’ అనే పొడవైన వరుస సరైనదే. కాని అందులోని ముక్కలు పట్టికలో విడిగా ఉండి, వాటిని కూర్చితే అదే అనువాదం దాదాపు అదే సంభావ్యతతో వచ్చేటట్లయితే, పెద్ద వరుస వలన అదనపు సమాచారం లేదు. ఉన్న పట్టికకు, కత్తిరించిన పట్టికకు మధ్య ఎంట్రోపీ తేడాను కొలిచి, తేడా అతి తక్కువ కలిగించే వరుసలను ముందు తొలగిస్తారు. జెన్స్ బృందం నాలుగు భాషా జంటలపై వివిధ పద్ధతులను సరిపోల్చి ఈ మార్గమే మేలైనదని తేల్చింది. ముక్కల మొత్తానికి భిన్నమైన అర్థమున్న జాతీయాలు, పారిభాషిక పదాలు ఈ పద్ధతిలో సహజంగానే నిలుస్తాయి. ‘డెడ్ హార్ట్’ను ముక్కలుగా అనువదిస్తే ‘మొవ్వు చనిపోవుట’ రాదు కనుక ఆ వరుసను తీసివేస్తే నష్టం ఎక్కువ. అయితే ఒంటరి తప్పు జంటలకు ఇది మందు కాదు. తప్పు వరుసను కూడా ముక్కలతో కూర్చలేకపోతే అది విలువైనదిగానే కనిపిస్తుంది. ఆ పని ఫిషర్ పరీక్షకే వదలడం మంచిది.

2016 నుండి నాడీజాల పద్ధతులు ఈ రంగాన్ని ఆక్రమించాయి. 2017 నాటికి గూగుల్ తెలుగు అనువాదం కూడా ఆ మార్గానికి మారింది. కొత్త వ్యవస్థలలో వరుసలుగా చూడదగిన పట్టిక లేదు. నేర్చినదంతా కోట్ల అంకెలలో కలిసిపోయి ఉంటుంది. ‘పర్ హెక్టార్’ ఎదుట ‘ఎకరాకు’ ఉన్నదా అని తెరిచి చూచుటకు వీలు లేదు. అందువలన కత్తెర పట్టిక నుండి శిక్షణ పాఠ్యం వైపు జరిగింది. పొసగని వాక్య జంటలను ముందే ఏరివేయడం ఇప్పుడు ఆ పని చేస్తున్నది. సమాంతర పాఠ్యం తక్కువగా ఉన్న భాషలలోను, శిక్షణకు భిన్నమైన విషయాలలోను నాడీజాల వ్యవస్థలు పదబంధ వ్యవస్థల కన్న వెనుకబడవచ్చునని ఫిలిప్ కోన్, రెబెకా నోల్స్ 2017లో చూపారు. తెలుగు వ్యవసాయ పాఠ్యం ఈ రెండు లక్షణాలూ కలిగినది. ఒక పరిశోధన కేంద్రం తన ఆంగ్ల, తెలుగు ప్రచురణలతో చిన్న పదబంధ పట్టికను నిర్మించుకొంటే, అనువాదానికి వాడకపోయినా తనిఖీకి వాడుకొనవచ్చు. బలం క్రమంలో వరుసలను పేర్చి, కొలమానాలు, నిషేధాలు, మందుల పేర్లు ఉన్నవాటిని విషయ నిపుణుడు ఒకసారి చదివితే, ఏ వాక్యాలు శిక్షణకు పనికిరావో అక్కడే బయటపడుతుంది.